సవరమ్మ సాక్ష్యం

సవరమ్మకు కోపం ఎక్కువని ఆమెను ఎరిగినవాళ్లంతా అంటారు. అబద్ధం. ఆమెకు ఉండాల్సినంత కోపం లేదు. ఉండి ఉంటే ఈ కథ ఏనాడో అయిపోయేది, ఇప్పుడు కూర్చుని చెప్పుకోవాల్సిన పని పడేది కాదు.

ఆమెకున్నదల్లా చిల్లర కోపం. చెయ్యెత్తినా ఆపకుండా పోయిన నూజివీడు బస్సు మీద, కుళాయి దగ్గర వరస తప్పి బిందె పెట్టిన మనిషి మీద, పిలిచినా పలక్కుండా ఫోను చూసుకునే మొగుడు సువర్ణరాజు మీద. ఆ కోపం వచ్చినంత తొందరగానూ పోయేది. రావాల్సిన చోట రాని కోపం వేరే ఒకటుంది. అది ఏళ్ల తరబడి ఆమె కడుపులోనే ఉండిపోయింది.

పుట్టిల్లు ముసునూరు. తండ్రి మామిడి తోటలకు కాపలా ఉండేవాడు. చిక్కం కర్రతో కాయ కోస్తే సొన మీద పడకుండా ఎటు తప్పుకోవాలో నడక నేర్చిన కొత్తల్లోనే నేర్చుకుంది. అయినా బుగ్గ మీద సొన కాలిన మచ్చ ఒకటి మిగిలింది. పుట్టింటివాళ్లు ఆర్.సి.ఎం. వాళ్లు, అంటే రోమన్ కేథలిక్కులు. తప్పు చేస్తే ఫాదరు గారి చెవిలో చెప్పేసి, ఆయన చెప్పిన ప్రార్థనలు చేసుకుని, తేలిగ్గా ఇంటికొచ్చేవాళ్లు. సువర్ణరాజుకిచ్చి నూజివీడు పక్కకు పంపాక ఆమెకు చర్చి సంఘం మారింది. ఇక్కడ చెవిలో చెప్పడాలు లేవు. ఆదివారం మైకు పట్టుకుని అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. నేను ఇలాంటివాణ్ణి, ఇలా పడిపోయాను, దేవుడు నన్ను ఇలా లేపాడు అని.

ఆ సాక్ష్యాలకో పద్ధతి ఉంది. తప్పెప్పుడూ చెప్పేవాళ్లదే. తాగింది నేనే, తన్నుకుంది నేనే, దారి తప్పింది నేనే. ఫలానావాడు నన్ను తోసేశాడని సాక్ష్యం చెప్పినవాళ్లు ఆ సంఘంలో ఒక్కరూ లేరు. అలా చెబితే దాన్ని సాక్ష్యమనరు, పంచాయితీ అంటారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. సవరమ్మ బతుకులో జరిగిన అన్యాయానికి ఈ పద్ధతి బాగా పనికొచ్చింది.

పెళ్లయిన కొన్నాళ్లకు మైలవరం రోడ్డులోని జ్యూసు ఫ్యాక్టరీలో పనికి చేరింది. పేరుకు జ్యూసు ఫ్యాక్టరీ గానీ అక్కడ చేసేది మామిడి గుజ్జు. యజమాని సత్యనారాయణమూర్తి గారు టౌన్లో పాత మామిడి వ్యాపారి. సీజన్లో కలెక్టరు రకం మామిడికాయలు లారీల్లో దిగుతాయి. మాగిన పండ్లను ఆడవాళ్లు కడిగి, కుళ్లినవి ఏరి, ముచ్చికలు కోసి, టెంకల మిషనులో పోస్తారు. మిషను పైన పెద్ద తొట్టి. దానిలోపల ఇనప రెక్కలు గిర్రున తిరుగుతూ పండును చిదిపి గుజ్జును ఒక వైపుకి, టెంకలను ఇంకో వైపుకి నెడతాయి.

మిషను తయారుచేసినవాడు బుద్ధిమంతుడే. తొట్టికి జాలీ మూత పెట్టాడు. మూత కింద స్విచ్చి పెట్టాడు. మూత లేస్తే మిషను ఆగిపోవాలి. కానీ మూత ఉంటే పండ్లు కొద్దికొద్దిగా పొయ్యాలి, తీసేస్తే ట్రే మొత్తం ఒక్కసారే గుమ్మరించొచ్చు. సీజను ముదిరి, గేటు బయట లారీలు బారులు తీరి, ఎండకు పండు పులిసిపోతుంటే ఆ మూత అందరికీ అడ్డమనిపించింది. ఊడదీసి గోడకు ఆనించారు. మూత లేకపోతే మిషను తిరగదు కనుక స్విచ్చిని నొక్కిపెట్టి సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టారు. సైకిలు ట్యూబుతో కట్టడం ఆ తోటల మనుషులందరికీ వచ్చిన విద్య. చిక్కం కర్రకు కడతారు, మందు కొట్టే పైపుకు కడతారు, విరిగిన కుర్చీకి కడతారు. కడితే పని జరిగిపోతుంది. ఇక్కడా జరిగిపోయింది.

ఆ ఏడు సవరమ్మ తొట్టి దగ్గర ఉంది. ఒక టెంక అడ్డం పడి రెక్కలు మూలిగి ఆగిపోయాయి. అలా ఇరుక్కున్నప్పుడల్లా అందరూ చేసే పనే ఆమె చేసింది. చెయ్యి పెట్టి టెంకను లాగింది. మిషను ఆపితే సూపర్వైజరు తిడతాడు. టెంక ఊడి వచ్చింది, దాంతో పాటే రెక్కలూ కదిలాయి. కుడిచేతికి మూడు వేళ్లు పోయి, బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. తొట్టిలో ఉన్న గుజ్జంతా పారబోయించారు. ఆ పని మాత్రం ఆలస్యం చెయ్యకుండా చేశారు.

సత్యనారాయణమూర్తి గారు ఆసుపత్రికి వచ్చారు. కేకలేసే రకం కాదాయన. మంచం పక్కన నిలబడి, "చూసుకోవాలి కదమ్మా" అన్నారు. వైద్యం ఖర్చంతా తనే పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక పలకరించడానికి వచ్చినవాళ్లంతా అదే మాట. చూసుకోవాలి కదే, చూసుకోవాలి కదా వదినా. మనిషికి నొప్పిలో ఉన్నప్పుడు ఏ మాట చెప్పినా లోపలికి దిగిపోతుంది. కొన్నాళ్లకు ఆమే అనడం మొదలుపెట్టింది.

ప్రాణం దక్కింది కనుక సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పింది. పద్ధతి ప్రకారమే చెప్పింది. నా ధ్యాస ఎక్కడో ఉంది, చూసుకోలేదు, చెయ్యి పెట్టాను, దేవుడు దయతలచి వేళ్లతో సరిపెట్టాడు. మూత సంగతి, ట్యూబు సంగతి ఆ మాటల్లో ఇమడలేదు. అందరూ స్తోత్రం అన్నారు. అక్కడే కూర్చుని విన్న ఫ్యాక్టరీ సూపర్వైజరు కిరణ్ కుమార్‌కు అది తెగ నచ్చింది. వెళ్లి యజమాని కొడుకు అభిషేక్‌తో చెప్పాడు.

అభిషేక్ చదువుకున్నవాడు. గుజ్జు కొనే ముంబై కంపెనీవాళ్లు, పనివాళ్లకు ప్రమాదాలు జరక్కుండా ఏటా సీజనుకు ముందు సేఫ్టీ క్లాసు పెట్టాలని షరతు పెట్టారు. క్లాసు పెట్టాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. సవరమ్మ దొరికింది. ఆమెకు గేటు దగ్గర కుర్చీ పని ఇచ్చారు, ఏడాదికోసారి క్లాసులో సాక్ష్యం చెప్పే పని ఇచ్చారు. ఆ రోజు ఆడవాళ్లందరికీ కొత్త టోపీలు, చేతి తొడుగులు పంచుతారు. ఫొటోలు తీస్తారు. ఫొటోలయ్యాక టోపీలు వెనక్కి తీసుకుంటారు. మిగతా రోజుల్లో "ఏంటి సవరమ్మా" అనే అభిషేక్ ఆ ఒక్క పూట మైకులో "సవరమ్మ గారు" అంటాడు. ఆమె కుడిచెయ్యి పైకెత్తి, నేను చూసుకోలేదు, మీరు చూసుకోండి అంటుంది. చప్పట్లు. ఎన్ని సీజన్లు గడిచాయో, అన్ని సార్లు ఆ అబద్ధం చెప్పింది. అలా చెప్పించిన ప్రతి ఒక్కరికీ తెలుసు, గోడకు ఆనించిన మూత ఆ గోడకే ఉందని.

ఈ ఏడు ఆమె కూతురు షాలోమి పనికి చేరింది. నర్సింగులో చేరేలోపు సీజను పని చేస్తానని తనే వెళ్లి పేరు ఇచ్చుకుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఏ పని ఇచ్చారో చెప్పింది.

"టెంకల మిషను దగ్గరమ్మా. నిలబడి పొయ్యడమేగా."

సవరమ్మ గభాల్న లేచింది. "వద్దు. ముచ్చికలు కోసేకాడ వెయ్యమను."

"అక్కడ కత్తి పట్టాలి. ఇక్కడ కత్తి కూడా లేదు."

"వద్దన్నానా! ఆ తొట్టికి మూత లేదే."

"లేకపోతే ఏంటి? చెయ్యి పెట్టకపోతే సరిపోద్ది." షాలోమి నవ్వింది. "నువ్వు చూసుకోకుండా పెట్టావు. నువ్వే చెప్తావుగా ప్రతి ఏడూ. నేను నీలా కాదులే అమ్మా, జాగ్రత్తగా ఉంటా."

పిల్ల తప్పేముంది? రెండో తరగతి నుంచీ ఆ మాటే వింటూ పెరిగింది. మా అమ్మ చూసుకోలేదు, అందుకే వేళ్లు పోయాయి అని బళ్లో పిల్లలకు చెప్పింది. జాగ్రత్తగా ఉండేవాళ్లకు ఏమీ కాదని, నిర్లక్ష్యంగా ఉండేవాళ్లకే అవుతుందని నేర్చుకుంది. నేర్పింది ఎవరు? తనే. ఇంట్లో కాదు, మైకు పట్టుకుని మరీ నేర్పింది. ఆ తొట్టి అంటే పిల్లకు రవ్వంత భయం కూడా లేకుండా చేసింది. వేళ్లు పోయిన రోజు రాని కోపం ఆ సాయంత్రం వచ్చింది. ఒళ్లంతా మండిపోయింది. సువర్ణరాజు అన్నానికి పిలిస్తే తినలేదు. ఎవరి మీద అరవాలో తెలియక గిన్నెలన్నీ తోమిందే తోమింది.

క్లాసు రోజు పొద్దున్నే వెళ్లేసరికి మెకానిక్కు చార్లెస్ జాలీ మూతను తడిగుడ్డతో తుడిచి తొట్టి మీద పెడుతున్నాడు. ఏటేటా స్విచ్చికి కొత్త ట్యూబు ముక్క మార్చి కట్టేది అతనే. సవరమ్మ దగ్గరికి వెళ్లి వంగి చూసింది. ట్యూబు కట్టినట్టే ఉంది.

"మూత పెట్టావేంట్రా?"

"ముంబై కంపెనీ మేడం వస్తుందిగా పిన్నీ. ఇవాళ్టికి మూత."

"రేపు?"

"రేపు లారీలొస్తాయి."

"మరి బోల్టులు బిగించవేం?"

"మళ్లీ తియ్యాలిగా," అన్నాడు చార్లెస్, అదేదో ఆమెకు తెలియని సంగతైనట్టు.

తిన్నగా అభిషేక్ గదికి వెళ్లింది. అతను అద్దంలో జుట్టు సర్దుకుంటున్నాడు.

"ఏంటి సవరమ్మా పొద్దున్నే?"

"ఆ ట్యూబు విప్పించండి బాబూ. మూత బిగించమనండి. మా అమ్మాయి అక్కడే నిలబడాలి."

"చూద్దాంలే. ముందు నీ సాక్ష్యం బాగా చెప్పు. పోయినేడు మధ్యలో కాస్త ఏడిచావు చూడు, అది బావుంది. అలాగే చెప్పు."

సవరమ్మ అతని ముఖంలోకి చూసింది. ఎగతాళి చెయ్యడం లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది. పళ్లు కొరుక్కుంటూ బయటికి వచ్చేసింది.

మేడం కోరిందని ఈసారి క్లాసు మిషను దగ్గరే పెట్టారు. ఆడవాళ్లంతా కొత్త టోపీల్లో కుర్చీల్లో కూర్చున్నారు. ముంబై మేడంకు తెలుగు రాదు. అభిషేక్ పక్కనే నిలబడి ప్రతి మాటా ఇంగ్లీషులో చెబుతున్నాడు. తొట్టి పక్క మెట్టు మీద షాలోమి నిలబడింది, చేతిలో పండ్ల ట్రేతో. డెమో చేసి చూపించడానికి ఆ పిల్లనే ఎంచారు.

"ఇప్పుడు మన సవరమ్మ గారు తన అనుభవం చెప్తారు," అన్నాడు అభిషేక్.

ఆమె మైకు అందుకుంది. కుడిచేత్తోనే పట్టుకోవాలని అతని ఆజ్ఞ, అందరికీ కనబడాలట. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య మైకు ఇరికించుకుంది.

"అందరికీ వందనాలండీ. ప్రతి ఏడూ నేను ఇక్కడ నిలబడి చూసుకోలేదు, నాదే తప్పు అంటున్నాను. అది అబద్ధం. నా చెయ్యి పోయింది నేను చూసుకోక కాదు. తొట్టికి మూత లేక. మూత తీసి గోడకు పెట్టారు. స్విచ్చికి ట్యూబు కట్టారు. బయట లారీలు ఆగున్నాయి పొయ్యండి పొయ్యండి అని వెనక నుంచి తరిమారు. టెంక ఇరుక్కుంటే మిషను ఆపనిచ్చారా? మీరు చెప్పండి, మిమ్మల్నెవర్నయినా ఏనాడన్నా ఆపనిచ్చారా? జాగ్రత్త జాగ్రత్త అంటారు. మనిషి ఎంతసేపు జాగ్రత్తగా ఉంటది? తుమ్మొస్తది, చెమట కంట్లో పడతది, పక్కనోళ్లు పిలుస్తారు. అందుకేగా మూత పెట్టింది! నేను చూసుకోకపోయినా నా చెయ్యి నాకు ఉండాలి. అందుకు మూత. అది తీసేసి, నన్ను చూసుకోలేదంటారా? నాతోనే అనిపిస్తారా? ఆ మూత ఇవాళ పెట్టారు. రేపు తీసేస్తారు. రేపు అక్కడ నిలబడేది నా కూతురు."

ముందు వరసలో మగ్దలేనమ్మ అలవాటు కొద్దీ చప్పట్లకు చేతులెత్తి, మధ్యలో ఆపేసింది. మేడం అభిషేక్ వైపు చూసింది. అతను తడుముకోకుండా ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. సవరమ్మకు ఆ ఇంగ్లీషు రాదు. కానీ ఏటేటా విని విని ఒక్క మాట మాత్రం బాగా వచ్చు. కేర్‌లెస్. ఆ మాట వినబడింది. మేడం అయ్యో అన్నట్టు తలూపి, సవరమ్మను చూసి చప్పట్లు కొట్టింది.

"అది కాదు నేను చెప్పింది!" అని సవరమ్మ అరిచింది. మైకు అప్పటికే ఆపేశారు. "అమ్మా, మేడం, నో, నో! అతను అబద్ధం చెబుతున్నాడు!"

"డెమో, డెమో," అంటూ అభిషేక్ చెయ్యి ఊపాడు. చార్లెస్ మిషను ఆన్ చేశాడు. ఆ మోతలో ఆమె గొంతు మునిగిపోయింది. నోరు కదలడం కనబడుతోంది, మాట వినబడటం లేదు. ఇన్నేళ్లకు నిజం చెబితే దాని గతి అదీ. ఎదుట ఉన్న మనిషికి చేరేలోపే ఒకడు దాన్ని తిప్పి పెట్టాడు, ఇంకొకడు మిషను పెట్టాడు.

షాలోమి తల్లి వైపు చూస్తూ ఉండిపోయింది. కిరణ్ కుమార్ పండ్లు పొయ్యమని సైగ చేస్తున్నాడు. ఆ పిల్ల పొయ్యలేదు. ట్రే కింద పెట్టింది. వంగి తొట్టి పక్క స్విచ్చినీ, దానికి చుట్టిన నల్ల ట్యూబునూ చూసింది. లేచి నిలబడి, జాలీ మూతను రెండు చేతులతో పట్టుకుని ఎత్తేసింది.

మిషను ఆగలేదు.

మూత పిల్ల చేతుల్లో ఉంది. తొట్టి నోరు తెరుచుకుని ఉంది. లోపల రెక్కలు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. షాలోమి ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ మెట్టు దిగి, మూతను ఛాతీకి ఆనించుకుని అందరి ముందూ నిలబడింది. తల్లి చేతిని ఆ పిల్ల ఎన్నోసార్లు చూసింది, ఆ వేళ్లు ఎలా పోయాయో మాత్రం ఇప్పుడే చూసింది.

ఇది అర్థం కావడానికి మేడంకు తెలుగు రానక్కర్లేదు. కుర్చీ తోసేసి లేచి, ఆపమని అరిచింది. చార్లెస్ పరుగెత్తి ఎర్ర బటను నొక్కాడు. అభిషేక్ ఇంగ్లీషులో గబగబా ఏదో మొదలుపెట్టాడు. అందులోనూ కేర్‌లెస్ ఉంది, ఈసారి షాలోమి వైపు వేలు చూపిస్తూ. మేడం అతని మాట వినలేదు. వంగి ట్యూబును పట్టి లాగి చూసి, మూత బిగించడం తను చూసేదాకా పని మొదలవకూడదని చెప్పి, అక్కడే చేతులు కట్టుకుని నిలబడింది.

అభిషేక్ సవరమ్మ పక్క నుంచి పోతూ పళ్ల బిగువున, "నీ సంగతి తర్వాత చూస్తా," అన్నాడు.

"చూద్దురుగాని. ముందు మూత వెయ్యించండి," అంది సవరమ్మ.

ఆడవాళ్లెవరూ కుర్చీల్లోంచి లేవలేదు. కిరణ్ కుమార్ వచ్చి, మిగతావాళ్లు పోయి ముచ్చికలు కోసుకోండని గదమాయించాడు. మగ్దలేనమ్మ టోపీ సర్దుకుంటూ, "మూత వేశాక పోతాంలే బాబూ," అంది. పక్కనున్నవాళ్లూ కూర్చునే ఉన్నారు.

చార్లెస్ జేబులోంచి చాకు తీసి ట్యూబు కోసేశాడు. షాలోమి చేతుల్లోంచి మూత తీసుకుని మడతబందుల దగ్గర పెట్టి, నాలుగు బోల్టులు దూర్చి పానాతో బిగించాడు. మిషను వేశాడు, తిరిగింది. మూత కాస్త పైకెత్తాడు, టక్కున ఆగింది. దించాడు, మళ్లీ వేశాడు, తిరిగింది. చార్లెస్ చాకు తీసినప్పుడు మేడంకు ఎవరో తెచ్చిచ్చిన టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

సవరమ్మ దగ్గరికొచ్చి అంతా చూసింది. ఇన్నేళ్లూ ఆమె ఏమనుకుందంటే, ఆ మూత బిగించడం ఏదో పెద్ద పనై ఉంటుంది అనుకుంది. ఎక్కణ్ణుంచో ఇంజనీరు రావాలేమో, సామాను తెప్పించాలేమో, ఫ్యాక్టరీ కొన్నాళ్లు మూసుకోవాలేమో, అందుకే చెయ్యడం లేదేమో అనుకుంది. తన చెయ్యి తీసుకున్నవాళ్లకు ఆ మాత్రం కష్టం ఉండే ఉంటుందని ఎవరూ అడక్కుండానే ఒప్పేసుకుంది.

"అయిపోయిందా?" అని అడిగింది.

"అయిపోయింది పిన్నీ."

"ఇంతేనా?"

"ఇంతే."

ఆమెకు వచ్చింది ఏడుపు కాదు, ఉడుకు. నాలుగు బోల్టుల్నీ ఒక్కొక్కటే తడిమి చూసింది.

"ఇంతేనారా?" అని మళ్లీ అడిగింది. చార్లెస్ పానా కింద పెట్టేసి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ తల దించుకున్నాడు.